ప్రసాదం వద్దన్న స్నేహితుడు, పౌలు వాడిన కొన్ని గ్రీకు మాటలు



ప్రసాదం గురించి చేసిన వీడియోలో టైమ్ సరిపోక ఒక ప్రశ్న పక్కన పెట్టాను. ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ప్రశ్న ఇది: మనం ప్రేమగా ఇచ్చిన ప్రసాదాన్ని క్రైస్తవ స్నేహితుడు వద్దంటే, అది మన దేవుడికి అవమానమా?

ఇది పుస్తకాల ప్రశ్న కాదు, మనందరి ఆఫీసుల్లో ఉన్నదే. తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు లడ్డూని చిన్న చిన్న ముక్కలు చేసి పేపర్ ప్లేట్‌లో డెస్క్ డెస్క్‌కీ తిప్పుతారు. వినాయక చవితికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పూజయ్యాక పులిహోర ప్యాకెట్లు పంచుతారు. అందరూ కళ్లకద్దుకుని తీసుకుంటారు. ఒక్కరు మాత్రం నవ్వుతూ, కాస్త ఇబ్బంది పడుతూ, "ఏమనుకోకండి, నేను తీసుకోను" అంటారు. రోజూ మన బాక్సులో కూర తినేవాళ్లే అలా అంటే మనసు చివుక్కుమంటుంది. "మా దేవుడి ప్రసాదం అంత అంటరానిదా?" అనిపిస్తుంది. ఆ తర్వాత ఫోన్‌లో వెతికితే, వాళ్ల గ్రంథంలో విగ్రహాల గురించి, దయ్యాల గురించి ఉన్న వాక్యాలు దొరుకుతాయి. చివుక్కుమన్నది కాస్తా కోపమవుతుంది.

ఆ కోపానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ వాక్యాల్లో ఉన్న మాటలు పుట్టింది తెలుగులో కాదు, ఇంగ్లీషులోనూ కాదు, గ్రీకులో. ఆ మాట దాని సొంత ఇంట్లో ఏమిటో తెలుసుకోకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదు. మన "ధర్మం" అనే మాటని ఎవరైనా "రెలిజియన్" అని అనువదించి, ఆ రెలిజియన్ అర్థంతోనే మనల్ని తిడితే ఒప్పుకుంటామా? ఒప్పుకోం కదా. అదే న్యాయం వాళ్లకీ వర్తిస్తుంది.

అసలు గ్రీకు ఎందుకు?

క్రైస్తవుల బైబిల్‌లో రెండు భాగాలు. పాత నిబంధన చాలావరకు హీబ్రూలో ఉంది. 27 పుస్తకాల కొత్త నిబంధన మొత్తం గ్రీకులో ఉంది. యేసు మాట్లాడింది అరమాయిక్ అయినా, ఆయన మాటలు మనదాకా వచ్చింది గ్రీకులోనే. అలెగ్జాండర్ దండయాత్రల తర్వాత ఈజిప్టు నుంచి సిరియా దాకా జనం బజారులో మాట్లాడుకున్న గ్రీకు అది. దాన్ని కొయినే అంటారు, అంటే "అందరిదీ" అని. 1896 చివర్లో ఈజిప్టులోని ఆక్సిరింకస్ దగ్గర గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు పాత చెత్తదిబ్బలు తవ్వడం మొదలుపెట్టారు. రసీదులు, ఉత్తరాలు, భోజనానికి పిలిచే చీటీలు వేలకొద్దీ బయటపడ్డాయి. ఇలాంటి కాగితాలు చదివిన జర్మన్ పండితుడు అడాల్ఫ్ డైస్‌మన్, కొత్త నిబంధన భాష ఏదో దేవభాష కాదని, మామూలు జనం రోజువారీ మాటేనని గట్టిగా వాదించాడు. మాట అర్థం దాన్ని వాడినవాళ్ల బతుకులో వెతకాలన్నది అక్కడ మనకు దొరికే మొదటి పాఠం.

ప్రసాదం విషయంలో చూడాల్సిన ఉత్తరం ఒకటుంది. పౌలు అనే యూదుడు యేసు భక్తుడయ్యాక, సుమారు క్రీ.శ. 55 ప్రాంతంలో గ్రీసులోని కొరింథు నగరంలో ఉన్న చిన్న క్రైస్తవ గుంపుకి రాసినది. దాని 8, 10 అధ్యాయాల్లో చర్చంతా దేవుళ్లకు అర్పించిన ఆహారం తినొచ్చా అన్నదే. మన ఆఫీసులో వచ్చిన ప్రశ్న దాదాపు రెండు వేల ఏళ్ల కింద అక్కడ వచ్చిందన్నమాట.

ఎయిదోలోన్: బయటివాడు పెట్టిన పేరు

ఆ ఉత్తరంలో విగ్రహానికి ఉన్న గ్రీకు మాట ఎయిదోలోన్. ఇంగ్లీషు "ఐడల్" దీని నుంచే వచ్చింది. హోమర్ కావ్యం ఒడిస్సీలో చనిపోయినవాళ్ల లోకంలో తిరిగే ఛాయలని ఎయిదోలోన్ అంటారు. రూపం ఉంటుంది, పట్టుకోబోతే ఏమీ ఉండదు. నీడ, భ్రమ, అద్దంలో బొమ్మ, ఇవన్నీ ఆ మాట చుట్టూ ఉన్న అర్థాలు.

మరి గ్రీకు భక్తులు తమ గుళ్లో దేవుడి రూపాన్ని ఏమని పిలిచేవాళ్లు? ఎక్కువగా అగల్మా అనేవాళ్లు. అంటే ఆనందం ఇచ్చేది, దేవుడు చూసి సంతోషించేది అని. ఆ మాట కొత్త నిబంధనలో ఒక్కసారి కూడా లేదు. అంటే భక్తుడు లోపల నిలబడి "అగల్మా" అన్నదాన్ని, బయట నిలబడినవాడు "ఎయిదోలోన్" అన్నాడు.

ఆ బయటి చూపు పౌలుతో మొదలవలేదు. ఆయనకంటే సుమారు మూడు వందల ఏళ్ల ముందే, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదులు తమ హీబ్రూ గ్రంథాలని గ్రీకులోకి మార్చడం మొదలుపెట్టారు. పది ఆజ్ఞల్లో, బొమ్మ చేసుకోవద్దన్నచోట హీబ్రూలో ఉన్న మాటకి "చెక్కినది" అని అర్థం. అక్కడ వాళ్లు ఎయిదోలోన్ అని పెట్టారు. చెక్కినది కాస్తా ఛాయ అయింది. హీబ్రూలో అన్యదేవతల గురించి "శూన్యం", "ఆవిరి" లాంటి అర్థాలతో వాడిన చులకన మాటలు ఇంకొన్ని ఉన్నాయి. వాటికీ చాలాచోట్ల ఈ మాటే వాడారు. ఒక చిన్న జాతి, చుట్టూ పెద్ద పెద్ద రాజ్యాల దేవాలయాల మధ్య, తన ఒక్క దేవుణ్ణి వదులుకోకుండా నిలబడటానికి పట్టుకున్న మాట అది. చులకన ఉంది, నిజమే. దాని వెనక భయమూ ఉంది, పట్టుదలా ఉంది.

విగ్రహం: లోపలివాళ్ల పేరు

ఇప్పుడు తెలుగుకి వద్దాం. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీవాళ్లు జార్జ్ క్రాన్, డెగ్రాంజెస్ తెలుగు నేర్చుకుని, ఇక్కడివాళ్ల సాయంతో బైబిల్ అనువాదానికి దిగారు. ఇప్పుడు మన ఊళ్లలో చదివే తెలుగు బైబిల్‌లో ఎయిదోలోన్ ఉన్నచోట "విగ్రహము" అని ఉంటుంది.

విగ్రహం అంటే ఏమిటి? స్కూల్లో సమాసాలు చదివినవాళ్లందరికీ విగ్రహవాక్యం గుర్తుంటుంది, విడదీసి స్పష్టం చేసి చూపించేది. రాజనీతిలో సంధికి ఎదురుగా విగ్రహం అంటే యుద్ధం. ఇంకో అర్థం శరీరం, రూపం. రామాయణంలో మారీచుడు రావణుడికి బుద్ధి చెబుతూ, రాముడంటే రూపం ధరించిన ధర్మమే అన్న అర్థంలో మాట్లాడిన చోట వాడింది ఈ మాటనే. గుళ్లో స్వామిని విగ్రహం అన్నప్పుడు మన లోపల ఉన్న భావం అదే. నీడ కాదు, శరీరం. శ్రీవైష్ణవులు ఇంకో అడుగు ముందుకేసి అర్చావతారం అంటారు. రాముడు, కృష్ణుడు ఎలా అవతారమో, గర్భగుడిలో స్వామి కూడా అలాగే అవతారం. పిలిస్తే పలికేంత దగ్గరగా వచ్చినవాడు.

అలాగని మట్టికీ దేవుడికీ తేడా తెలియదని కాదు. భాగవతం పదకొండో స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి పూజా విధానం చెబుతూ ఎనిమిది రకాల ప్రతిమలు లెక్కపెడతాడు. రాయి, చెక్క, లోహం, పూత, చిత్రం, ఇసుక, మనసు, మణి. మనసులో తలచుకున్న రూపం కూడా ప్రతిమే. చవితి రోజు మనం కొన్న బొమ్మ ఆవాహన, ప్రాణప్రతిష్ఠ అయ్యేదాకా మట్టే. ఉద్వాసన చెప్పాక మళ్లీ నీళ్లలో కలుస్తుంది. ఇది మన అమ్మమ్మలకి తెలుసు, కుండలు చేసే ఆయనకీ తెలుసు.

కాబట్టి తెలుగు బైబిల్‌లో జరిగింది ఇది: గ్రీకులో "ఛాయ" అన్న భావం ఉన్న మాట స్థానంలో, మన దగ్గర "శరీరం" అన్న భావం ఉన్న మాట వచ్చి కూర్చుంది. గ్రీకులో బయటివాడి మాట, తెలుగులో లోపలివాడి మాట అయిపోయింది. అందుకే ఆ వాక్యాలు తెలుగులో చదివితే మనకి అంత గట్టిగా తగులుతాయి. మన పూజగదిలో మాటతోనే మనల్ని కొట్టినట్టుంటుంది.

ఇది కుట్ర అంటారా? నేను అనను. అనువదించేవాడికి ఊళ్లో ఉన్న మాటలే ఉంటాయి. మామూలు తెలుగులో విగ్రహం అంటే ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టినవి కూడా విగ్రహాలే. వాళ్లకి కనిపించిన దగ్గరి మాట అది. కానీ దగ్గరి మాట, అదే మాట కాదు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం కోపం దానంతట అదే తగ్గుతుంది.

ధాతువు పట్టుకుని ఊరేగొద్దు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే మన భక్తి ఛానెళ్లలో దీనికి చాలా అలవాటు పడ్డాం. "ఎయిదోలోన్ అంటే నీడ. కాబట్టి బైబిల్ నీడని పూజించొద్దంటోంది, మన విగ్రహాల గురించి అసలు మాట్లాడటం లేదు" అని ఎవరైనా అంటే చప్పట్లు వస్తాయి. కానీ అది నిజం కాదు. హోమర్ కాలానికీ పౌలు కాలానికీ మధ్య ఏడు వందల ఏళ్లు ఉన్నాయి. పౌలు చేతికి ఆ మాట హోమర్ నుంచి రాలేదు, యూదుల గ్రీకు గ్రంథం నుంచి వచ్చింది. ఆయన ఉద్దేశం గుళ్లో ఉన్న దేవతా రూపాలే. కొరింథులో ఆయన కళ్లముందు అపోలో గుడి ఉంది, వైద్య దేవుడు అస్క్లీపియస్ గుడి ఉంది, కొండమీద ఆఫ్రొడైటీ గుడి ఉంది.

1961లో జేమ్స్ బార్ అనే పండితుడు బైబిల్ భాష మీద ఒక పెద్ద పుస్తకం రాశాడు. మాటకి పుట్టుకలో ఉన్న అర్థాన్ని తెచ్చి, వాక్యంలో వాడిన అర్థం మీద రుద్దొద్దని అందులో క్రైస్తవ బోధకులకే చురకలు పెట్టాడు. చర్చిల్లో తరచుగా చెప్పే మాట ఒకటుంది: "అగాపే అంటే దైవ ప్రేమ మాత్రమే" అని. కానీ పాత నిబంధన గ్రీకు అనువాదంలో, అమ్నోను తన చెల్లెలి వరసైన తామారు మీద పెట్టుకున్న దుర్మార్గమైన మోహానికి కూడా ఆ మాటే ఉంది. మాట ఒక్కటే పవిత్రం కాదు. ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నారన్నదాంట్లో ఉంది అర్థమంతా.

ఇప్పుడు ఫోన్‌లో ఏ బైబిల్ యాప్ తెరిచినా, ప్రతి గ్రీకు మాటకీ ఒక నంబరు ఉంటుంది. జేమ్స్ స్ట్రాంగ్ అనే ఆయన 1890లో అచ్చువేసిన పదసూచిలో ఇచ్చిన నంబర్లవి. ఎయిదోలోన్‌ది 1497. నొక్కితే ఐదారు అర్థాలు వస్తాయి. అందులో మనకి నచ్చింది ఏరుకోవడం చదువు కాదు. మన శాస్త్రాల్లో మీమాంసకులు వాక్యార్థం తేల్చడానికి ఉపక్రమం, ఉపసంహారం అని లక్షణాలు పెట్టారు. మొదలు చూడు, ముగింపు చూడు, మధ్యలో దేన్ని మళ్లీ మళ్లీ చెప్పాడో చూడు అని. మన గ్రంథానికి వాడే ఆ కొలతే పరాయి గ్రంథానికీ వాడాలి. అలా వాడితే పౌలు ఉత్తరంలో ఏం కనిపిస్తుందో చూద్దాం.

కొరింథు మాంసం కొట్టు

ఆ కాలంలో గుళ్లో బలి ఇచ్చిన జంతువులో కొంత దేవుడికి అగ్నిలో వేసేవాళ్లు. కొంత పూజారులకి, కొంత భక్తుల విందుకి. మిగిలింది బజారుకి వచ్చేది. బజారులో మాంసం కొట్టుకి పౌలు వాడిన మాట మకెల్లోన్. కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే కనిపించే మాట అది. గుళ్ల పక్కనే భోజనాల గదులు ఉండేవి. పుట్టినరోజు, పెళ్లి లాంటి వాటికి అక్కడికి భోజనానికి పిలవడం మామూలు. సరాపిస్ దేవుడి పంక్తికి రండి అని పిలిచే చీటీలు ఆక్సిరింకస్‌లో దొరికాయి. మన ఊళ్లో సత్యనారాయణ వ్రతం, భోజనాలు అంటూ పిలిచినట్టే.

కొరింథు క్రైస్తవుల్లో రెండు జట్లయ్యాయి. కొందరు "ఉన్నది ఒక్కడే దేవుడు, బొమ్మ ఏమీ కాదు, ఎక్కడ తింటే ఏం?" అన్నారు. ఇంకొందరికి నిన్నమొన్నటిదాకా ఆ గుడే సర్వస్వం. ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటే పాత భక్తి అంతా కదిలేది. వాళ్ల మనసు నలిగేది. పౌలు మూడు సందర్భాలు విడదీశాడు. గుడి పంక్తిలో కూర్చుని తినొద్దు. బజారులో అమ్మేది మాత్రం ఎక్కడిది అని ఆరా తీయకుండా తినొచ్చు. మూడోది మనకి కావాల్సింది: నమ్మకం లేనివాళ్లు ఇంటికి పిలిస్తే, పెట్టింది ఏదైనా అడక్కుండా తినొచ్చు. కానీ అక్కడ ఎవరైనా "ఇది దేవుడికి అర్పించింది" అని చెబితే తినకూడదు. ఎందుకు? చెప్పినవాడి కోసం. మనస్సాక్షి కోసం, అదీ తన మనస్సాక్షి కాదు, ఎదుటివాడిది.

ఇప్పుడు గ్రీకు మాటలు చూడండి. పౌలు తన మాటగా మాట్లాడేటప్పుడు అలాంటి ఆహారాన్ని ఎయిదోలోథుతోన్ అంటాడు, ఎయిదోలోన్‌కి అర్పించినది అని. ఇది యూదులు, క్రైస్తవులు వాడిన మాట. ఏ గ్రీకు భక్తుడూ తన నైవేద్యాన్ని అలా పిలవడు. కానీ ఆ విందులో "ఇది అర్పించింది" అని చెప్పే మనిషి నోట్లో పౌలు వేరే మాట పెట్టాడు: హియెరోథుతోన్. అంటే పవిత్రంగా అర్పించినది. భక్తులు తాము వాడుకునే మర్యాద మాట. కొత్త నిబంధనలో అది ఇక్కడ ఒక్కసారే వస్తుంది. సైనాయిటికస్, వాటికనస్ లాంటి పాత రాతప్రతుల్లో ఇలాగే ఉంది. తర్వాతి కాలపు చాలా ప్రతుల్లో దాన్ని కూడా ఎయిదోలోథుతోన్ అని మార్చేశారు. రాసుకుంటూ పోయినవాళ్లకి ఆ మర్యాద అవసరం అనిపించలేదేమో. పాత ప్రతుల్లో చూస్తే మాత్రం, పౌలుకి తెలుసు: తాను వద్దన్నది ఎదుటివాడికి పవిత్రం.

ఇదంతా చదివాక మన ఆఫీసు లడ్డూ వైపు చూస్తే ఎంత స్పష్టంగా ఉందో గమనించారా? మనం రోజూ తెచ్చే కూర ఆ స్నేహితుడు తింటాడు, అది రెండో సందర్భం లాంటిది. "ఇది స్వామి ప్రసాదం, తీసుకోండి" అని మనం చెప్పిన క్షణంలో అది మూడో సందర్భం అవుతుంది. మన కూర తిని ప్రసాదం వద్దనడంలో వాళ్ల వైపు నుంచి తిరకాసు ఏమీ లేదు. మన చేతి వంట అంటరానిదనీ కాదు. అది ప్రసాదం అని మనం అన్నదాన్ని వాళ్లు సీరియస్‌గా తీసుకున్నారు. ఇంకో మాట చెప్పనా? ఉత్త స్వీటే కదా అని నోట్లో వేసుకునే మనవాళ్లలో కొందరికంటే ఎక్కువ సీరియస్‌గా తీసుకున్నారు.

క్రైస్తవుల్లో కూడా అందరూ ఒకేలా ఉండరు. కొందరు తీసుకుంటారు, కొందరు తీసుకోరు. వాళ్ల గ్రంథంలోనే ప్రకటన పుస్తకంలో ఇదే విషయంలో ఇంకా కఠినంగా ఉంది. ఎవరు ఏ పేజీ మీద బరువు పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

కష్టమైన మాట: దయ్యం

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే నేను నిజాయితీగా ఉన్నట్టు కాదు. అదే ఉత్తరంలో, పదో అధ్యాయంలో, అన్యులు అర్పించే బలులు దేవుడికి కాదని, దైమోనియోన్‌లకని పౌలు అంటాడు. తెలుగు బైబిల్‌లో ఇక్కడ "దయ్యములు" అని ఉంది. చదివిన ఏ హిందువుకైనా ఒళ్లు మండే వాక్యం ఇది.

దైమోన్ అనే మాట గ్రీకువాళ్ల దగ్గర చెడ్డ మాట కాదు. మనిషికి పైన ఉన్న దైవశక్తి అని అర్థం. సోక్రటీస్ తనకి తప్పు చేయబోయేటప్పుడల్లా లోపల అడ్డుపడే ఒక దైవ సంకేతం ఉందని చెప్పుకున్నాడు. ఆయన దానికి వాడిందీ దైమోనియోన్ అనే మాటే. కొత్త నిబంధనలోనే అపొస్తలుల కార్యముల్లో, ఏథెన్స్ జనం పౌలుని చూసి "ఈయనెవరో పరాయి దైమోనియోన్‌ల గురించి చెబుతున్నాడు" అన్న అర్థంలో మాట్లాడుకుంటారు. అంటే పరాయి దేవుళ్లు అని. యూదుల వాడుకలో మాత్రం ఆ మాట దుష్టశక్తి అయిపోయింది. ఒకే మాట, లోపల దేవుడు, బయట భూతం.

ఆశ్చర్యం ఏమిటంటే, మన తెలుగు "దయ్యం" కథ కూడా ఇంతే. అది "దైవం" అనే సంస్కృత మాటకి వికృతి. పాత తెలుగులో దయ్యం అంటే దేవుడు కూడా. రానురాను పైకి గౌరవంగా దైవం మిగిలింది, కిందకి జారిపోయి దయ్యం భూతం అయింది. దైమోన్‌కీ దైవానికీ ధాతువు ఒకటే అని మాత్రం ఎవరూ వీడియో చేయకండి. ఆ రెండిటి పుట్టుకలు వేరు. నడిచిన దారి ఒకటే. ఎవరి దేవుడో వెనకబడినప్పుడు, ఆ దేవుడి పేరు భూతం పేరవుతుంది. ఈ పని మనుషులందరూ చేశారు. మన పురాణాల్లో అసుర శబ్దం చూడండి. ఋగ్వేదంలో వరుణుడికీ ఇంద్రుడికీ గౌరవంగా వాడిన మాట అది.

సరే, మాట చరిత్ర తెలిసింది. దాంతో ఆ వాక్యం తియ్యగా మారిపోతుందా? మారదు. పౌలు దాన్ని మెచ్చుకోలుగా అనలేదు. భక్తితో చేసిన పూజ ఏ దేవుడికి చేసినా తనకే చేరుతుందని గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు అంటాడు. పౌలు అలా అనడు. వాళ్ల గ్రంథం మన గ్రంథంలా మాట్లాడాలని మనం పట్టుబట్టలేం. "నిజానికి అన్నీ ఒకటే చెబుతున్నాయి" అని మొహమాటానికి సర్దేయడం కూడా ఒక రకమైన అబద్ధమే. వాళ్లు ఒప్పుకోరు, మనం నమ్మం, మరి ఎవరి కోసం అంటున్నట్టు? తేడా ఉన్నచోట తేడా ఉందని చెప్పగలగాలి. ఆ తేడా తెలిసి కూడా పక్కనే కూర్చుని భోంచేయగలగాలి. చదువుకి పరీక్ష అక్కడ ఉంది.

సునెయిదేసిస్: సాక్షి

ఈ చర్చలో పౌలు మళ్లీ మళ్లీ వాడే మాట ఇంకోటి ఉంది: సునెయిదేసిస్. విడదీస్తే "కలిసి తెలుసుకోవడం" లాంటిది. నేను చేసేది నాతోపాటే చూస్తున్న తెలివి. తెలుగు బైబిల్ దీన్ని మనస్సాక్షి అంది. ఎంత మంచి అనువాదం! సాక్షి అనేది మన ఉపనిషత్తుల ఆలోచనలో పెద్ద మాట. రెండూ అచ్చంగా ఒకటి కాకపోయినా, లోపల ఒకడు చూస్తున్నాడన్న ఎరుక రెండిట్లోనూ ఉంది.

పౌలు ఎవరి పక్షం తీసుకున్నాడో గమనించండి. "బొమ్మ ఏమీ కాదు" అన్న జ్ఞానం ఉన్నవాళ్ల మాట తప్పని అనలేదు. కానీ వాళ్ల జ్ఞానం పక్కవాడి మనసుని విరగ్గొడితే ఆ జ్ఞానం పనికిరాదన్నాడు. జ్ఞానానికి "ఉబ్బడం" అనే క్రియ వాడి, ప్రేమకి "ఇల్లు కట్టడం" అనే క్రియ వాడాడు. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది గుర్తురావడం లేదా? తెలిసినవాడు, కర్మని పట్టుకుని ఉన్న తెలియనివాళ్ల బుద్ధిని చెదరగొట్టకూడదు అని 26వ శ్లోకంలో అంటాడు. చెప్పే తత్వాలు వేరు. కానీ ఎదుటివాడి నమ్మకం పెళుసుగా ఉన్నచోట చేయి ఎలా పెట్టాలో ఇద్దరూ ఒకేలా చెప్పారు.

అందుకే ఒక విషయం గట్టిగా చెప్పాలి. "ప్రసాదం అని చెప్పకుండా పెట్టేస్తే సరి, తెలియకుండానే వాళ్లకీ పుణ్యం" అని కొందరు సరదాగా అంటుంటారు. అది పుణ్యం కాదు. ఎదుటివాడి మనస్సాక్షిని మోసం చేయడం. ప్రసాదం అంటే అనుగ్రహం, ప్రసన్నత. దొంగచాటుగా ఇచ్చేది అనుగ్రహం ఎలా అవుతుంది? సత్యం తప్పి పెట్టిన ముద్దలో స్వామి ఉంటాడా?

మన ఇళ్లలోనే ఆలోచించండి. అయ్యప్ప మాల వేసుకున్న తమ్ముడు మన ఇంటికొచ్చి, "వదినా, దీక్షలో ఉన్నాను, బయట తినను" అంటే మనం చిన్నబుచ్చుకోం. గ్లాసు మంచినీళ్లు అయినా తాగమని అడిగి ఊరుకుంటాం. ఏకాదశి ఉపవాసం ఉన్న అత్తయ్యకి అన్నం వడ్డించం. శివ నిర్మాల్యం తీసుకోని సంప్రదాయాలు మనలోనే ఉన్నాయి. వద్దనడం వెనక వ్రతం ఉంటే మనం దాన్ని అవమానం అనుకోం, నిష్ఠ అంటాం. ఆ క్రైస్తవ స్నేహితుడి "వద్దు"కి కూడా అదే పేరు పెట్టగలమా?

దీనికి రెండో వైపూ ఉంది, అది కూడా సూటిగా చెప్పాలి. వద్దనే హక్కు ఉన్నవాళ్లకి, మర్యాదగా వద్దనే బాధ్యత కూడా ఉంది. పౌలు ఎదుటివాడి నోట "పవిత్రంగా అర్పించినది" అన్న మాటే పెట్టాడు. చేతులు జోడించి "మీ పూజ బాగా జరిగిందా?" అని అడిగి వద్దనొచ్చు. మైకు పెట్టి వీధిలో మన విగ్రహాలని ఎగతాళి చేయడం వేరు, డెస్క్ దగ్గర మెల్లగా వద్దనడం వేరు. మొదటిదాన్ని ప్రశ్నించండి, తప్పులేదు. రెండోదాన్ని దాంతో కలిపి శిక్షించకండి.

ఇక మనం ఏం చేయాలి

ప్రసాదం పంచేటప్పుడు ప్రసాదం అనే చెప్పండి. వద్దంటే, ఇచ్చిన చేతిని అంతే మెత్తగా వెనక్కి తీసుకోండి. "ఎందుకు?" అని అందరి ముందు నిలదీయకండి. మీ స్నేహం గట్టిదైతే, ఇంకో రోజు టీ దగ్గర అడగండి. "మీ పుస్తకంలో ఆ మాట అసలు అర్థం ఏమిటి, మీరెలా చదువుతారు?" అని. తర్వాత మీరు చెప్పండి, విగ్రహం అంటే మాకేమిటో, ఆవాహన అంటే ఏమిటో, చవితి బొమ్మని ఎందుకు నీళ్లలో కలుపుతామో. చాలామందికి ఇది తెలియదు, ఎవరూ వాళ్లకి చెప్పలేదు. మన మాటని దాని సొంత ఇంట్లో వాళ్లకి చూపించాలంటే, ముందు వాళ్ల మాట ఇంటికి మనం చెప్పులు విడిచి వెళ్లాలి.

వాళ్లు తీసుకోని ఆ లడ్డూ ముక్క ఏమవుతుందంటారా? పక్క డెస్క్‌లో ఇంకొకరు రెండోది అడుగుతారు. స్వామి ప్రసాదం ఎప్పుడూ వృథా పోదు. వృథా పోయేదల్లా మన కోపమే.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.